కాపరులు కుర్చీ కోసం పోరాడిన రోజుల్లో



మన ప్రార్థన కూటాల్లో తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది. "ప్రభువా, మా సంఘాన్ని ఆది సంఘంలాగా మార్చు" అని అడుగుతాం. మంచి ప్రార్థనే. అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయం చదివిన ఎవరికైనా ఆ ఆశ కలుగుతుంది. కానీ ఆది సంఘం అంటే ఆ ఒక్క అధ్యాయమే కాదు. ప్రభువు బల్ల దగ్గరే శిష్యులు తమలో ఎవరు గొప్పవారని వాదించుకున్నారని లూకా దాచకుండా రాశాడు. కొరింథు విశ్వాసులు పౌలు పేరు చెప్పి కొందరు, అపొల్లో పేరు చెప్పి కొందరు చీలిపోయారు. ప్రధానత్వం కోరుకున్న దియొత్రెఫే అనే ఒకడు, ఊరికి వచ్చిన సహోదరులను తాను చేర్చుకోక, చేర్చుకున్నవారిని కూడా సంఘంలోనుంచి వెలివేశాడని యోహాను మూడో పత్రికలో చదువుతాం.

ఆ విత్తనం అపొస్తలుల కాలంతో చచ్చిపోలేదు. మూడు వందల ఏళ్ళ తరువాత అది ఎంత చెట్టయిందో, దాని నీడలో ఎవరు నలిగిపోయారో ఈసారి చూద్దాం. పరిశుద్ధుల తప్పులు లెక్కపెట్టి సంతోషించడానికి కాదు. సేవకుల మధ్య పోరు పుట్టినప్పుడు విశ్వాసులు దేన్ని చూడాలో, సేవకులు దేనికి భయపడాలో ఈ చరిత్ర చాలా స్పష్టంగా నేర్పిస్తుంది.

రెండు పట్టణాలు, రెండు కుర్చీలు

హింసల కాలంలో బిషప్పు కుర్చీలో కూర్చోవడం అంటే ముందుగా చెరసాలకు వెళ్ళడానికి సిద్ధపడటమే. 313లో కాన్‌స్టాంటైన్, లిసీనియస్ చక్రవర్తులు క్రైస్తవులకు స్వేచ్ఛ ఇచ్చిన తరువాత పరిస్థితి మారింది. బిషప్పు మాటకు రాజభవనంలో విలువ వచ్చింది. సంఘానికి భూములు, కానుకలు, భవనాలు వచ్చాయి. వాటి వెంట కుర్చీ మీద కన్ను కూడా వచ్చింది.

తూర్పు దేశాల్లో ఎంతోకాలంగా పెద్ద కుర్చీ ఐగుప్తులోని అలెక్సంద్రియది. మార్కు స్థాపించిన సంఘమని దానికి పేరు. పండితులు, సన్యాసులు, ధాన్యపు ఓడలు అన్నీ ఉన్న పట్టణం అది. అయితే 330లో కాన్‌స్టాంటైన్ కొత్త రాజధానిని ప్రతిష్ఠించాడు. అదే కాన్‌స్టాంటినోపుల్, ఇప్పటి ఇస్తాంబుల్. 381లో అక్కడ జరిగిన సభ, ఇది కొత్త రోమా కాబట్టి రోమా బిషప్పు తరువాతి గౌరవం ఈ పట్టణపు బిషప్పుకే చెందుతుందని తీర్మానించింది. అంటే అలెక్సంద్రియ ఒక మెట్టు కిందికి దిగింది. నిన్నటిదాకా ముందు వరుసలో కూర్చున్నవారిని కొంచెం వెనక్కి జరగమంటే ఎలా ఉంటుందో మనకు తెలుసు.

397లో కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెక్టేరియస్ చనిపోయాడు. అప్పుడు అలెక్సంద్రియ బిషప్పు థియోఫిలస్. తెలివిగలవాడు, కార్యశూరుడు, భవనాలు కట్టించడమంటే మహా ఇష్టం. తనకు నమ్మకస్తుడైన ఇసిడోర్ అనే వృద్ధ పాదిరిని రాజధాని కుర్చీలో కూర్చోబెట్టాలని ప్రయత్నించాడు. కానీ రాజభవనంలో చక్రం తిప్పుతున్న యూట్రోపియస్ అనే అధికారి మనసులో వేరే పేరు ఉంది. అంతియొకయలో ప్రసంగాలకు పేరు పొందిన యోహానును గుట్టుచప్పుడు కాకుండా రాజధానికి తెప్పించాడు. ఇరవై ఏళ్ళకే విధవరాలైన అంతూసా అనే తల్లి పెంచిన బిడ్డ ఆయన. తరువాతి తరాలు ఆయనను క్రిసోస్టమ్, అంటే బంగారు నోరు గలవాడు అని పిలిచాయి. థియోఫిలస్ ఒప్పుకోలేదు. అప్పుడు యూట్రోపియస్, థియోఫిలస్ మీద వచ్చిన ఫిర్యాదుల కాగితాలు చూపించి బెదిరించాడని సంఘ చరిత్ర రాసిన సోక్రటీస్ చెబుతాడు (గ్రీకు తత్వవేత్త కాదు, ఆ తరువాత ఎన్నో శతాబ్దాలకు పుట్టిన మరో సోక్రటీస్). 398 ఫిబ్రవరిలో తన చేతులతోనే యోహానును అభిషేకించవలసి వచ్చింది థియోఫిలస్‌కు. చేతులు తల మీద ఉన్నాయి గాని మనసు ఎక్కడుందో దేవునికే తెలుసు.

వెయ్యి బంగారు నాణేలు

కొంతకాలానికి అలెక్సంద్రియలో ఒక సంగతి జరిగింది. యోహాను స్నేహితుడైన పల్లాడియస్ దీన్ని రాశాడు. ఒక ధనవంతురాలైన విధవరాలు పాదిరి ఇసిడోర్‌కు వెయ్యి బంగారు నాణేలు ఇచ్చి, పేద స్త్రీలకు బట్టలు కొనిపెట్టమంది. బిషప్పుకు తెలిస్తే ఆ సొమ్ము రాళ్ళకూ సున్నానికీ పోతుందని భయపడి, ఆయనకు చెప్పవద్దని ప్రమాణం చేయించుకుంది. సంగతి థియోఫిలస్ చెవిన పడింది. ఒకప్పుడు రాజధాని కుర్చీకి తగినవాడని తానే నిలబెట్టిన ఆ ఎనభై ఏళ్ళ వృద్ధుణ్ణి సంఘంలోనుంచి వెలివేశాడు.

ఇసిడోర్ నైట్రియా ఎడారిలోని సన్యాసుల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ అమ్మోనియస్, డయస్కోరస్, యూసేబియస్, యూథిమియస్ అనే నలుగురు అన్నదమ్ములు ఉండేవారు. పొడుగ్గా ఉండేవారు కాబట్టి "పొడుగు సహోదరులు" అని అందరూ పిలిచేవారు. వాళ్ళు ఇసిడోర్‌కు ఆశ్రయం ఇచ్చారు. థియోఫిలస్ కోపం వాళ్ళ మీదికి మళ్ళింది.

పాత పగకు కొత్త పేరు కావాలి. ఆ పేరు దొరికింది. వాళ్ళు ఓరిగెన్ అనే పాత పండితుని పుస్తకాలు చదివేవారు. 399లో థియోఫిలస్ రాసిన పండుగ పత్రికలో దేవునికి మనుషులకున్నట్టు శరీరం లేదని చెప్పాడు. ఓరిగెన్ చదివినవారి మాట కూడా అదే. దేవునికి మనిషి రూపం ఉందని నమ్మే కొందరు సన్యాసులు కోపంతో పట్టణం మీదికి వచ్చేసరికి, ఆయన మాట మార్చి ఓరిగెన్‌ను ఖండించాడు. అలా నిన్న తాను నేర్పించినదాన్ని నమ్మినవాళ్ళే నేడు దుర్బోధకులయ్యారు. 400లో సైనికులతో నైట్రియా మీద పడ్డాడు. గుడిసెలు తగలబడ్డాయి, పుస్తకాలు కాలిపోయాయి. వందల మంది సన్యాసులు ఎడారి విడిచి పారిపోయారు. పలస్తీనాలో కూడా నిలువ నీడ లేక, సుమారు యాభై మంది చివరికి కాన్‌స్టాంటినోపుల్ చేరి యోహాను కాళ్ళ మీద పడ్డారు.

ఇక్కడ యోహాను ఏం చేశాడో గమనించండి. వాళ్ళకు ఉండటానికి చోటిచ్చాడు. ఒలింపియాస్ వంటి భక్తిగల స్త్రీలు వాళ్ళకు అన్నం పెట్టారు. కానీ సొంత బిషప్పు వెలివేసినవారు కాబట్టి వాళ్ళకు ప్రభువు సంస్కారం ఇవ్వలేదు. "వీళ్ళను క్షమించి చేర్చుకో" అని థియోఫిలస్‌కే ఉత్తరం రాశాడు. సాటి సేవకుని హద్దును గౌరవించి, దెబ్బతిన్నవారి గాయాలు కట్టాడు. ఆ రెండూ ఒకేసారి చేయవచ్చని ఆయన చూపించాడు.

అయితే యోహానులో లోపమే లేదని చెప్పడం నిజం కాదు. ఆయన పాదిరులతో కఠినంగా ఉండేవాడు. అతిథులతో కలిసి భోంచేయడు, ఒంటరిగా తింటాడు. తనను చూడటానికి వచ్చిన ఒక వృద్ధ బిషప్పుకు సరైన విడిది ఇవ్వలేదు, ఆయన శత్రువుగా మారాడు. బిషప్పు ఇంటి ఖర్చు తగ్గించి ఆసుపత్రులు నడిపించాడు, అది పేదలకు మేలు, కానీ విందులకు అలవాటుపడినవారికి గిట్టలేదు. ఎఫెసుకు వెళ్ళి, పదవిని డబ్బుతో కొనుక్కున్న ఆరుగురు బిషప్పులను తీసేశాడు. అది న్యాయమే కావచ్చు, కానీ అక్కడ తీర్పు తీర్చే అధికారం నీకెవరిచ్చారని అడిగినవాళ్ళు ఉన్నారు. ధనవంతుల ఆడంబరం మీద చేసిన ప్రసంగాలు యుదోక్సియా రాణికి తగిలాయి. ఈ గాయపడినవారందరూ ఒక నాయకుని కోసం ఎదురు చూస్తున్నారు.

సింధూర వృక్షం దగ్గర సభ

సన్యాసులు రాణికి మొర పెట్టుకున్నారు. థియోఫిలస్ రాజధానికి వచ్చి యోహాను ముందు సమాధానం చెప్పుకోవాలని ఆజ్ఞ వెళ్ళింది. థియోఫిలస్ ముందుగా కుప్రలోని సలమీ బిషప్పు ఎపిఫానియస్‌ను పంపాడు. దుర్బోధ మీద పోరాడటంలో పేరున్న వృద్ధుడు, నిజాయితీపరుడు. రాజధానికి వచ్చి, ఆ సన్యాసులతో ముఖాముఖి మాట్లాడాక సంగతి అర్థమైనట్టుంది. కుప్రకు తిరుగు ప్రయాణమయ్యాడు. దారిలోనే ఓడలో చనిపోయాడు. వేరొకరి పగకు ఒక భక్తుని చివరి ప్రయాణం ఖర్చైపోయింది.

403లో థియోఫిలస్ స్వయంగా వచ్చాడు. నిందితుడిగా ఒంటరిగా రావలసినవాడు ఐగుప్తు బిషప్పులను వెంటబెట్టుకొని వచ్చాడు. రేవులో అలెక్సంద్రియ ధాన్యపు ఓడల నావికులు జేజేలు పలికారు. యోహాను విడిది సిద్ధం చేసి ఆహ్వానిస్తే కాదని వేరేచోట దిగాడు. కొద్ది వారాల్లోనే నిందితుడు న్యాయాధిపతి అయ్యాడు. సముద్రపాయకు అవతల కల్సెదోను పక్కన "సింధూర వృక్షం" అని పిలిచే ఒక తోటబంగళాలో సభ పెట్టాడు. పల్లాడియస్ లెక్క ప్రకారం 36 మంది బిషప్పులు కూర్చున్నారు, వారిలో 29 మంది ఐగుప్తువారే. ఇవతల పట్టణంలో యోహానుతో 40 మంది బిషప్పులు ఉన్నారు.

యోహాను మీద 29 నేరాలు చదివారు. సంఘపు సొత్తు అమ్మాడు, ఒంటరిగా తింటాడు, స్నానానికి తన ఒక్కడికే నీళ్ళు కాగబెట్టించుకుంటాడు, ఇలాంటివి వాటిలో ఉన్నాయి. బద్ధ శత్రువులను న్యాయస్థానం నుండి తీసేస్తే వస్తానని యోహాను అన్నాడు. వాళ్ళు తీసేయలేదు, ఆయన రాలేదు. రాలేదన్న కారణంతో పదవి నుండి తీసేశారు.

మరి ఓరిగెన్ సంగతి? ఎడారిలో గుడిసెలు తగలబెట్టడానికి, యాభై మందిని దేశాలు తిప్పడానికి కారణమైన ఆ ఘోర దుర్బోధ సంగతి? అది మరుగున పడిపోయింది. పొడుగు సహోదరులలో ఇద్దరు ఆ రోజుల్లోనే చనిపోయారు. మిగిలినవారిని క్షమాపణ అడగమని చెప్పి థియోఫిలస్ చేర్చుకున్నాడు. ఓరిగెన్ మాటే ఎత్తలేదు. అమ్మోనియస్ మరణవార్త విని కన్నీళ్ళు పెట్టుకున్నాడని కూడా చరిత్రలో ఉంది. తరువాతి రోజుల్లో ఓరిగెన్ పుస్తకాలు మళ్ళీ చదువుతూ కనిపించాడని సోక్రటీస్ రాశాడు.

ప్రియులారా, ఈ ఒక్క విషయం దగ్గర మనం కాసేపు ఆగాలి. కుర్చీ దక్కగానే మాయమైపోయే సిద్ధాంతం దేవుని కోసం పట్టుకున్న సిద్ధాంతం కాదు. సత్యం కోసం పోరాడేవాడు గెలిచాక కూడా ఆ సత్యాన్నే పట్టుకొని ఉంటాడు. పగ కోసం పోరాడేవాడు గెలిచాక దాన్ని పక్కన పడేస్తాడు, ఎందుకంటే దాని పని అయిపోయింది.

నీళ్ళు ఎర్రబారిన రాత్రి

యోహాను గొడవ కాకూడదని మధ్యాహ్నం వేళ మౌనంగా అధికారులకు లొంగిపోయాడు. జనం ఊరుకోలేదు. రాజభవనంలో ఏదో విపత్తు జరిగింది, రాణి భయపడి వెంటనే ఆయనను వెనక్కి పిలిపించింది. వీధుల్లో రెండు పట్టణాలవాళ్ళు కొట్టుకున్నారు. థియోఫిలస్ ఓడ ఎక్కి ఐగుప్తుకు వెళ్ళిపోయాడు.

శాంతి రెండు నెలలకు మించి నిలవలేదు. పెద్ద దేవాలయం దగ్గరే రాణికి వెండి విగ్రహం నిలబెట్టి ఆటపాటలతో సంబరాలు చేశారు. ఆ విగ్రహం కింది రాతిపీఠం ఇప్పటికీ ఇస్తాంబుల్‌లో ఉంది. యోహాను వేదిక మీద నుండి గద్దించాడు. మళ్ళీ శత్రువులు కూడుకున్నారు. ఈసారి థియోఫిలస్ ఐగుప్తులోనే ఉండి సలహాలు పంపాడు: సభ తీసేసిన బిషప్పు మరో సభ అనుమతి లేకుండా తిరిగి కుర్చీ ఎక్కకూడదన్న పాత నిబంధన ఉందని.

404 పునరుత్థాన పండుగ రాత్రి వచ్చింది. ఏడాదంతా వాక్యం నేర్చుకొని ఆ రాత్రి బాప్తిస్మం కోసం సిద్ధపడినవారు సుమారు మూడు వేల మంది. దేవాలయం తలుపులు వాళ్ళకు మూసేశారు. యోహాను పక్షాన ఉన్న పాదిరులు వాళ్ళను ఊరి స్నానశాలకు తీసుకువెళ్ళి, అక్కడి నీళ్ళలో బాప్తిస్మం మొదలుపెట్టారు. సైనికులు లోపలికి చొరబడ్డారు. కర్రలతో, కత్తులతో కొట్టారు. బాప్తిస్మానికి వస్త్రాలు విడిచి ఉన్న స్త్రీలు అలాగే చీకట్లోకి పరుగెత్తారు. బాప్తిస్మపు నీళ్ళు రక్తంతో ఎర్రబడ్డాయి.

వాళ్ళలో ఎవరికి ఓరిగెన్ తెలుసు? ఎవరికి 381 తీర్మానం తెలుసు? ఆంబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్టయింది. పెద్ద బిషప్పుల పేర్లు చరిత్ర పుస్తకాల్లో ఉన్నాయి. ఆ రాత్రి తడిబట్టలతో, గాయాలతో ఇంటికి వెళ్ళిన ఆ కొత్త విశ్వాసుల పేర్లు గొర్రెపిల్ల జీవగ్రంథంలోనే ఉంటాయి.

ఆ జూన్ 20న యోహానును శాశ్వతంగా పంపించివేశారు. అదే రాత్రి పెద్ద దేవాలయం తగలబడింది, ఎవరు అంటించారో తేలలేదు. ఆయన ఆర్మేనియా కొండల్లోని కుకూసు అనే చిన్న ఊరిలో చలికి, జబ్బుకు, దోపిడీ దొంగలకు భయపడుతూ గడిపాడు. అక్కడి నుండే ఒలింపియాస్‌కు ఆదరణ ఉత్తరాలు రాశాడు, వాటిలో 17 మనకు మిగిలాయి. అక్కడ కూడా ఉండనివ్వక, నల్ల సముద్రపు అంచున ఉన్న ఊరికి ఎండలో వానలో నడిపించారు. 407 సెప్టెంబర్ 14న పొంతు దేశంలోని కొమాన దగ్గర, దేవుని మహిమపరుస్తూ కన్నుమూశాడు.

34 ఏళ్ళు

మనిషి చనిపోయినా చీలిక చావలేదు. రాజధానిలో యోహాను పక్షంవారు కొత్త బిషప్పు చేతి సంస్కారం తీసుకోమన్నారు. ఊరి బయట వేరుగా కూడుకున్నారు. రోమా బిషప్పు ఇన్నోసెంట్ యోహాను పక్షాన నిలబడి తూర్పు పెద్ద సంఘాలతో సహవాసం ఆపేశాడు. ఆ రోజుల్లో సంస్కారం సమయంలో జ్ఞాపకం చేసుకోవలసిన బిషప్పుల పేర్లు చదివేవారు. ఆ జాబితాలో యోహాను పేరు చేర్చాలా వద్దా అన్నదే ఏళ్ళ తరబడి గొడవ. అంతియొకయ చేర్చింది. తరువాత రాజధాని చేర్చింది. 412లో థియోఫిలస్ చనిపోయి ఆయన మేనల్లుడు సిరిల్ అలెక్సంద్రియ బిషప్పయ్యాడు. మామతో కలిసి సింధూర వృక్షం సభకు వచ్చినవాడే ఇతను. చాలాకాలం ఒప్పుకోక, చివరికి ఆయన కూడా ఒప్పుకున్నాడు.

438 జనవరిలో బిషప్పు ప్రోక్లస్ యోహాను అస్థికలను కొమాన నుండి రాజధానికి తెప్పించాడు. జనం దీపాలు పట్టుకొని ఎదురెళ్ళారు. ఆ రోజు చక్రవర్తి రెండో థియోడోసియస్. యోహానును పంపించివేసిన యుదోక్సియా కొడుకు, అప్పటికి పసివాడు. ఆయన శవపేటిక మీద ముఖం ఆనించి, తన తల్లిదండ్రులు తెలియక చేసిన తప్పును క్షమించమని వేడుకున్నాడు. వేరుగా కూడుకుంటున్నవారు తిరిగి సంఘంలోకి వచ్చారు. 34 ఏళ్ళుగా వాదాలతో, సైనికులతో, జరిమానాలతో కుదరనిది ఒక క్షమాపణతో కుదిరింది.

రెండు కుర్చీల పోరు మాత్రం అక్కడ ఆగలేదు. ఆ సమాధానానికి ముందే 431లో ఎఫెసు సభలో సిరిల్, రాజధాని బిషప్పు నెస్తోరియస్‌ను తీసేయించాడు. 449లో సిరిల్ తరువాత వచ్చిన డయస్కోరస్, మరో రాజధాని బిషప్పు ఫ్లేవియన్‌ను తీసేయించాడు, ఆయన కొద్దికాలానికే చనిపోయాడు. ఆ సభల్లో క్రీస్తు ఎవరన్న నిజమైన, బరువైన ప్రశ్నలు ఉన్నాయి, వాటిని తేలిక చేయకూడదు. కానీ బరువైన ప్రశ్నల మీద పాత పగ కూడా ఎక్కి కూర్చుంది. 451 కల్సెదోను సభ తరువాత ఐగుప్తు సంఘంలో ఎక్కువమంది వేరయ్యారు. ఆ చీలిక ఇంకా పూర్తిగా మానలేదు. ఈ రోజుకీ ఐగుప్తులోని కోప్టిక్ సంఘం థియోఫిలస్‌ను పరిశుద్ధుడిగా గౌరవిస్తుంది. తూర్పు, పడమటి సంఘాలు యోహానును గౌరవిస్తాయి. అంతిమ తీర్పు మన చేతిలో లేదు, అది మంచిదే.

మన సంఘాల కోసం

మన మండలాల్లో బిషప్పు కుర్చీలు లేకపోవచ్చు. కానీ సువార్త మహాసభల ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో పెద్దది, వేదిక మీద మధ్య కుర్చీ ఎవరిది, పాస్టర్ల సహవాసానికి అధ్యక్షుడు ఎవరు అన్న దగ్గర మొదలైన అలకలు మనకు కొత్త కాదు. ఒక్కొక్కసారి అవి "బోధలో తేడా" అనే పేరు పెట్టుకొని సంఘం దాకా వస్తాయి. ఒకే వీధిలో రెండు మందిరాలు లేస్తాయి. అన్న ఒకచోట, తమ్ముడు ఒకచోట ఆరాధిస్తారు. తల్లి ఏ బల్ల దగ్గరికి వెళ్ళాలో తెలియక ఇంట్లో కూర్చుంటుంది.

అలాంటి రోజు వస్తే మూడు ప్రశ్నలు అడుగుదాం. మొదటిది: అడిగిన పదవి ఇచ్చేస్తే ఈ సిద్ధాంతపు గొడవ మిగులుతుందా? మిగలదు అనిపిస్తే అది సిద్ధాంతపు గొడవ కాదు. రెండోది: ఈ పోరు ఖర్చు ఎవరు కడుతున్నారు? బాప్తిస్మం కోసం ఎదురు చూస్తున్న బిడ్డలు, విధవరాళ్ళు, కొత్తగా నమ్మినవారు కడుతుంటే, గెలిచినవాడు కూడా ప్రభువు ముందు ఓడిపోయినవాడే. మూడోది: సరిదిద్దుకోవలసినదాన్ని ఇప్పుడే సరిదిద్దుకోగలమా, లేక మన పిల్లలు శవపేటిక దగ్గర క్షమాపణ అడగవలసి వస్తుందా?

సేవకులమైన మాకు ఇందులో ఎక్కువ భాగం ఉంది. మందమీద ప్రభువులుగా ఉండక మాదిరిగా ఉండమని పేతురు పెద్దలకు రాశాడు. కుడివైపున, ఎడమవైపున కూర్చోవాలని అడిగిన యాకోబు యోహానులకు ప్రభువు కుర్చీ చూపించలేదు, గిన్నె చూపించాడు. ఆ చివరి రాత్రి ఆయన పట్టుకున్నది తువాలు.

ఈ వారం మీరు ప్రార్థించేటప్పుడు, మనస్పర్థ ఉన్న ఒక సేవకుని పేరో, ఒక సహోదరుని పేరో తీసి ప్రార్థించండి. బల్ల దగ్గర ఆ పేరు పలకడానికే ఆనాటివారికి అన్నేళ్ళు పట్టింది. మనకు అంత ఆలస్యం కానవసరం లేదు.

ప్రభువు కృప మీకందరికీ తోడై ఉండును గాక. ఆమేన్.